ఎనర్జీప్లస్‌లో చిల్లర్ 150 టన్నులకే సైజ్ అవుతోంది, అన్‌మెట్ అవర్స్ 1,900: ఇన్‌పుట్స్‌లో తప్పెక్కడ?

నానక్‌రామ్‌గూడ_మోడల్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఐటీ ఆఫీసు బిల్డింగు. దాని కరెంటు వాడకం, ఏసీ సైజు ఎనర్జీప్లస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరులో లెక్కేస్తున్నాను. గ్రౌండ్ ప్లస్ 9, కింద రెండు సెల్లార్లు (పార్కింగ్). ఒక్కో ఫ్లోరు 30 × 40 మీటర్లు, ఏసీ ఉన్న ఏరియా మొత్తం 12,000 చ.మీ. రెవిట్ డ్రాయింగ్ నుంచి జీబీఎక్స్‌ఎంఎల్ ఫైలు తీసి, ఐడీఎఫ్‌గా (ఎనర్జీప్లస్ ఇన్‌పుట్ ఫైలు) మార్చి, మిగతాదంతా ఐడీఎఫ్ ఎడిటర్‌లో నింపాను. ఈసీబీసీ (ఇంధన పొదుపు భవన కోడ్) హోల్ బిల్డింగ్ పద్ధతిలో, అంటే మొత్తం వాడకాన్ని కోడ్ ప్రకారం ఉండే స్టాండర్డ్ డిజైన్ మోడల్‌తో పోల్చి చూపించాలి.

ఇచ్చిన ఇన్‌పుట్స్ ఇవీ. మనుషులు 10 చ.మీ.కు ఒకరు, అంటే 1,200 మంది. లైటింగ్ చ.మీ.కు 9 వాట్లు, ప్లగ్ లోడ్ 15 వాట్లు. తాజా గాలి మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, పైన చ.మీ.కు 0.3 లీటర్లు. గోడ 200 మి.మీ. ఏఏసీ బ్లాకు, రెండు వైపులా 15 మి.మీ. ప్లాస్టరు. అద్దం నాలుగు వైపులా 40 శాతం, బ్రోచర్‌లో యూ వాల్యూ (వేడిని ఎంత దాటనిస్తుందో చెప్పే అంకె) 1.6, ఎస్‌సీ (షేడింగ్ కోఎఫిషియెంట్) 0.31. వీఏవీ ఏహెచ్‌యూలు (అవసరాన్ని బట్టి గాలి మార్చి పంపే యంత్రాలు), వాటర్ కూల్డ్ చిల్లర్లు, అన్నీ ఆటోసైజ్ (సైజు సాఫ్ట్‌వేరే తేలుస్తుంది). కూలింగ్ సైజింగ్ ఫ్యాక్టర్ 1.15. వెదర్ ఫైలు బేగంపేట ఇష్రే ఈపీడబ్ల్యూ. షిఫ్టులు రెండు: పొద్దున 8 నుంచి సాయంత్రం 6, తర్వాత తెల్లవారి 3 దాకా 35 శాతం జనం.

రన్ పూర్తవుతోంది, సివియర్ ఎర్రరు ఒక్కటీ లేదు, వార్నింగులు 61. కానీ ప్లాంటు 150 టన్నులకే సైజ్ అవుతోంది. హెచ్‌వీఏసీ కన్సల్టెంటు లెక్క 390 టన్నులు. ఆక్యుపైడ్ కూలింగ్ అన్‌మెట్ (జనం ఉండగా గదికి కోరిన చల్లదనం అందని సమయం) 1,900 గంటలు, ఈపీఐ (ఏడాదికి చ.మీ.కు వాడే యూనిట్లు) 129. ఇంకో వింత, నార్త్ యాక్సిస్ 35 బదులు 125 ఇచ్చి చూసినా ఫలితం ఒక్క యూనిట్ కూడా కదలట్లేదు. గోడ యూ వాల్యూ చేత్తో లెక్కేస్తే 0.76 వస్తుంటే రిపోర్టులో 0.87 అంటోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

టన్నులలెక్క

150 అన్న అంకెలోనే సగం జవాబుంది. ముందు లోపలి వేడి వరకు చేత్తో కూడండి. లైట్లు 12,000 × 9 = 108 కిలోవాట్లు. ప్లగ్ 180. మనుషులు 1,200 × 120 వాట్లు = 144. కలిపితే 432 కిలోవాట్లు, 3.517తో భాగిస్తే 123 టన్నులు. అద్దాలు, గోడలు, పైకప్పు కలిసి ఈ సైజు బిల్డింగుకి పీక్‌లో ఓ 85 టన్నులు, తాజా గాలి 35 నుంచి 45. ఈ అద్దాలు-గోడల భాగం, తాజా గాలి ఈ రెండే కలిపి 1.15తో గుణించండి. సరిగ్గా మీ 150 దగ్గరకొచ్చి ఆగుతుంది! అంటే సైజింగ్ రోజున మీ బిల్డింగులో మనుషులు లేరు, లైట్లు వెలగలేదు, కంప్యూటర్లు ఆన్ కాలేదు.

షెడ్యూల్:కాంపాక్ట్ తెరిచి చూడండి. పందెం వేసి చెప్తాను, ఇలా ఉంటుంది:

త్రూ: 12/31,
ఫర్: వీక్‌డేస్,
... (పగటి విలువలు)
ఫర్: ఆల్అదర్‌డేస్,
అంటిల్: 24:00, 0;

వీక్‌డేస్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రమే. డీడీవై ఫైల్లోంచి తెచ్చిన డిజైన్ రోజుకి (యంత్రాల సైజు తేల్చడానికి వాడే తీవ్రమైన రోజు) వారం ఉండదు, దాని డే టైప్ సమ్మర్‌డిజైన్‌డే. అది వీక్‌డేస్‌లో చేరదు, నేరుగా ఆల్అదర్‌డేస్‌లోకి పోయి సున్నా తెచ్చుకుంటుంది. సైజింగ్ అయ్యేది ఆ రోజు మీదే కాబట్టి కాయిళ్లు, ఫ్యాన్లు, చిల్లరు అన్నీ ఖాళీ బిల్డింగుకి కొలిచినట్టు కుదురుకుంటాయి. తాజా గాలి పరిమాణం మటుకు డిజైన్ జనం సంఖ్య మీద తేలుతుంది కాబట్టి ఆ లోడు అలాగే మిగిలింది. అందుకే మరీ 80 టన్నులకి పడిపోకుండా 150 దగ్గర నిలిచింది.

సవరణ ఒక్క మాటే. "ఫర్: వీక్‌డేస్ సమ్మర్‌డిజైన్‌డే" అని రాయండి (ఫైల్లో ఇంగ్లిషులోనే, చెప్పక్కర్లేదనుకోండి). మనుషులు, లైట్లు, ప్లగ్ మూడింటికీ చేయాలి. వింటర్‌డిజైన్‌డే మాత్రం సున్నాలోనే ఉంచండి, హీటింగ్ సైజింగ్‌కి లోపలి వేడి సాయం చేయకూడదు.

అక్కడితో అయిపోదు. చాలామంది లోడ్ షెడ్యూళ్లు దిద్ది థర్మోస్టాట్‌ని వదిలేస్తారు. కూలింగ్ సెట్‌పాయింట్ షెడ్యూల్లోనూ ఆల్అదర్‌డేస్ కింద 30 ఉందనుకోండి, సైజింగ్ రోజంతా గదిని 30 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికే యంత్రాలు కొలతకొస్తాయి. లోడ్లు సరిగ్గా ఉన్నా సామర్థ్యం చాలదు. ఫ్యాన్ అవైలబిలిటీ, బయటి గాలి కనిష్ఠ షెడ్యూలు కూడా ఇదే కంటితో చూడండి.

రెండో అనుమానం యాక్టివిటీ షెడ్యూల్ మీద. పీపుల్ ఆబ్జెక్టులో అడిగేది ఫ్రాక్షన్ కాదు, మనిషికి ఎన్ని వాట్లు అని. అక్కడ ఆల్వేస్‌ఆన్ లాంటి 1.0 షెడ్యూల్ తగిలిస్తే ఒక్కో ఉద్యోగి ఒక్క వాటే విడుదల చేస్తాడు. 1,200 మందికి కలిపి 1.2 కిలోవాట్లు! ఎర్రర్ ఫైల్లో "ఫాల్ అవుట్‌సైడ్ టిపికల్ రేంజ్ 70, 1000" అన్న వార్నింగు ఉందేమో వెతకండి. ఉంటే 120 స్థిరంగా ఇచ్చే షెడ్యూల్ వేరే చేసి తగిలించండి. సివియర్ లేదు కదా అని వార్నింగులు వదిలేస్తే నష్టం ఇక్కడే. ఎనర్జీప్లస్ దృష్టిలో ఒక వాట్ మనిషి తప్పు కాదు, అసాధారణం, అంతే.

దిద్దాక నిజంగా కుదిరిందా అని తెలియాలంటే అవుట్‌పుట్:టేబుల్:సమ్మరీరిపోర్ట్స్‌లో జోన్‌కాంపొనెంట్‌లోడ్‌సమ్మరీ అని విడిగా చేర్చండి. ఆల్‌సమ్మరీ అంటే రాదు, రన్ నెమ్మదవుతుందని దాన్ని బయట పెట్టారు. ప్రతి జోన్‌కి పీక్ గంటలో మనుషులు ఎంత, లైట్లు ఎంత, అద్దం ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. పీపుల్ వరసలో సున్నా కనిపిస్తే ఇంకా ఏదో షెడ్యూల్ మిగిలిందన్నమాట.

డిజైన్ రోజులు ఎన్ని పెట్టారు? హైదరాబాదుకి 0.4 శాతం డ్రైబల్బ్ రోజు ఒక్కటే పెడితే మే నెల పొడి వేడికే సైజ్ అవుతుంది. తాజా గాలి ఎక్కువున్న ఆఫీసులో వానాకాలపు తేమ రోజున కాయిలు మీద భారం అంతకంటే పెరగొచ్చు. 40 డిగ్రీలు డ్రైబల్బ్, 22 వెట్‌బల్బ్ (తడి థర్మామీటరు కొలత) గాలికీ, 29 డ్రైబల్బ్, 25 వెట్‌బల్బ్ గాలికీ ఎంథాల్పీ (వేడి, తేమ కలిపి గాలిలో ఉన్న మొత్తం శక్తి) చూడండి, రెండోదే బరువు. మీ 6.6 ఘ.మీ./సె తాజా గాలి మీద ఆ తేడా 25 టన్నులు దాటుతుంది. డీడీవైలోంచి డ్రైబల్బ్‌తో పాటు వెట్‌బల్బ్ ప్రధానంగా ఉన్న రోజు కూడా తెచ్చుకోండి. ఏది పెద్దదైతే దానికి అదే సైజ్ చేసుకుంటుంది.

ఇక కన్సల్టెంటు గారి 390. మీ 1,29,000 చదరపు అడుగులను 390తో భాగిస్తే టన్నుకు 330 చదరపు అడుగులు. అది లోడ్ లెక్కలా లేదు, అలవాటు కొద్దీ వేసిన బండ లెక్కలా ఉంది. ఇప్పటి ఎల్‌ఈడీలకీ, ఈ అద్దానికీ అంత రాదు. మీ మోడల్ దిద్దాక 270 నుంచి 310 మధ్య నిలిస్తే భయపడకండి. 390 రావాలని ఇన్‌పుట్స్‌ని లాగకండి.

చల్లనిమాట

అంత తంటా ఎందుకండీ. సైజింగ్ ఫ్యాక్టర్ 1.15 తీసి 2 పెట్టండి, 1,900 గంటలు మాయమైపోతాయి. సబ్మిషన్‌కి అది చాలు.

టన్నులలెక్క

కొన్ని తగ్గుతాయి, నిజమే. దాంతోపాటు ఫ్యాన్లూ పంపులూ దాదాపు రెట్టింపవుతాయి. ఖాళీ బిల్డింగు నిష్పత్తిలోనే పెరుగుతాయి కాబట్టి అద్దం పక్కన జోన్లకి గాలి అతిగా, నడిమి జోన్లకి చాలీచాలకుండా వస్తుంది. అద్దం, పైకప్పు లేని నడిమి జోన్‌కి సైజింగ్ రోజున లోడే లేదు కదా, సున్నాని రెండుతో గుణించినా సున్నాయే. పైగా 1.15 అనేది ఆష్రే 90.1 (అమెరికా భవన ఇంధన ప్రమాణం) అపెండిక్స్ జీలో బేస్‌లైన్ యంత్రాలకి చెప్పిన అంకె. ప్రపోజ్డ్ మోడల్లో కట్టబోయే యంత్రాల అసలు సామర్థ్యం ఉండాలి. రివ్యూయర్ మొదట చూసే టేబుల్ కూడా అదే.

పడమటిఎండ

షెడ్యూళ్ల సంగతి పై గారు చెప్పేశారు. మిగతా మూడు వింతలు నా వంతు.

నార్త్ యాక్సిస్ కదలకపోవడం. గ్లోబల్‌జామెట్రీరూల్స్‌లో కోఆర్డినేట్ సిస్టమ్ "వరల్డ్" అని ఉండి ఉంటుంది, మార్చి తెచ్చిన ఐడీఎఫ్‌లలో ఇది మామూలే. వరల్డ్ అయితే సర్ఫేసుల మూలల బిందువులు ఎలా ఉంటే అలాగే తీసుకుంటుంది, బిల్డింగ్ ఆబ్జెక్టులోని నార్త్ యాక్సిస్‌ని పట్టించుకోదు. మీ 61 వార్నింగుల్లో "నార్త్ యాక్సిస్ ఇగ్నోర్డ్" అని ఒకటి ఉంటుంది చూడండి. దాన్ని "రిలేటివ్" చేస్తే యాక్సిస్ పని చేస్తుంది. కానీ మార్చే ముందు జోన్ ఆబ్జెక్టుల్లో ఎక్స్, వై, జడ్ ఆరిజిన్లు చూడండి. అన్నీ సున్నాలైతే నిశ్చింతగా మార్చండి. వాటిలో అంకెలుండి, సర్ఫేసుల బిందువులు కూడా బిల్డింగు మొత్తం కొలతల్లో ఉంటే మాత్రం రిలేటివ్ చేయగానే ఒక్కో జోన్ తన ఆరిజిన్ మేరకు పక్కకి జరిగిపోతుంది, ఫ్లోర్లు గాల్లో తేలతాయి. అప్పుడు ముందు ఆరిజిన్లను సున్నా చేసి, ఆ తర్వాత మార్చాలి. అయ్యాక డీఎక్స్‌ఎఫ్ డ్రాయింగ్ గీయించి కంటితో చూడండి. యాక్సిస్ కోణం నిజమైన ఉత్తరం నుంచి గడియారం దిశలో. సైటు ప్లాన్‌లో ఆర్కిటెక్టు గీసిన బాణం ఒక్కోసారి "ప్రాజెక్ట్ నార్త్" ఉంటుంది, అదీ అడగండి. 40 మీటర్ల వైపు పడమరకి తిరిగితే ఆ ఒక్క ముఖం మీదే 624 చ.మీ. అద్దం, సాయంత్రం 4 గంటలకి. కోణం తప్పితే సైజింగే కాదు, పీక్ ఏ గంటలో వస్తుందన్నదీ మారిపోతుంది.

అద్దం. ఎస్‌సీ, ఎస్‌హెచ్‌జీసీ (పడిన ఎండ వేడిలో అద్దం లోపలికి పంపే వంతు) ఒకటి కావు. ఎస్‌సీని 0.87తో గుణిస్తే ఎస్‌హెచ్‌జీసీ. 0.31 × 0.87 = 0.27. మీరు సింపుల్‌గ్లేజింగ్‌లో 0.31నే దింపి ఉంటే 2,184 చ.మీ. అద్దం మీద ఎండ 15 శాతం ఎక్కువ. ఈ-క్వెస్ట్ సాఫ్ట్‌వేరు నుంచి వచ్చినవాళ్లకి ఈ పొరపాటు అలవాటు, అక్కడ ఎస్‌సీ అడుగుతుంది. విచిత్రంగా 0.27 అన్నది ఈసీబీసీ 2017లో కాంపోజిట్ జోన్‌కి ఉత్తరం తప్ప మిగతా దిక్కులకిచ్చిన పరిమితి కూడా. అంచుమీద ఉన్నారు, 0.31 చూస్తే ఫెయిల్ అనిపిస్తుంది, కాదు. (హైదరాబాదు హాట్ అండ్ డ్రై అనుకుని ఆ పట్టిక చూసేవాళ్లూ ఉన్నారు. కోడ్‌లో మన ఊరు కాంపోజిట్.)

యూ వాల్యూ 1.6 అన్నది అద్దం నడిమి భాగానిది. కోడ్ అడిగే 3.0 ఫ్రేముతో కలిపి మొత్తం కిటికీది. థర్మల్ బ్రేక్ లేని అల్యూమినియం ఫ్రేముతో కలిస్తే 1.6 నిలవదు. రెండు దారులు: మొత్తం అసెంబ్లీ విలువ సంపాదించి సింపుల్‌గ్లేజింగ్‌లో ఇచ్చి ఫ్రేమ్ ఆబ్జెక్టు తీసేయడం, లేదా అద్దాన్ని పొరలుగా ఇచ్చి ఫ్రేముని విడిగా ఇవ్వడం. అసెంబ్లీ విలువ ఇచ్చి ఫ్రేమూ పెడితే ఫ్రేముని రెండుసార్లు లెక్కించినట్టు.

గోడ. మీ చేతి లెక్క సరైందే, రిపోర్టూ సరైందే. ఏఏసీ కండక్టివిటీ 0.18 అనుకుంటే 0.2 ÷ 0.18 = 1.11, ప్లాస్టరు రెండు పొరలు 0.04, కలిపి 1.15. దీని తలకిందులే 0.87, "యూ ఫ్యాక్టర్ నో ఫిల్మ్" అన్న గడి. లోపలి, బయటి గాలి పొరల నిరోధం 0.13, 0.04 కలిపితే 0.76. ఎన్వలప్ సమ్మరీలో పక్క గడి "విత్ ఫిల్మ్"లో 0.77 దాకా ఉంటుంది, అది వాడే ఫిల్మ్ విలువలు కాస్త వేరు కాబట్టి. కోడ్‌తో పోల్చాల్సింది విత్ ఫిల్మ్‌నే. ఈ సైజు ఆఫీసుకి కోడ్ 0.40 అంటుంది. హోల్ బిల్డింగ్ పద్ధతి కాబట్టి 0.77 గోడతోనూ వెళ్లొచ్చు, కానీ స్టాండర్డ్ డిజైన్ మోడల్లో 0.40 ఉండాలి, ఆ లోటు ఇంకెక్కడో పూడాలి. గోడలోనే పూడ్చాలంటే 50 మి.మీ. ఈపీఎస్ (థర్మోకోల్) చేరిస్తే 0.36కి దిగుతుంది.

మెటీరియల్స్ ఎస్‌పీ 41 (బీఐఎస్ హ్యాండ్‌బుక్) పట్టికలోంచి తీస్తున్నారా? అందులో స్పెసిఫిక్ హీట్ కిలోజౌళ్లలో ఉంటుంది, కాంక్రీటుకి 0.88. ఎనర్జీప్లస్‌కి జౌళ్లు కావాలి, 880. 0.88 ఇస్తే 100 కంటే తక్కువని ఆపేస్తుంది, మంచిదే. మందం విషయంలో ఆ రక్షణ సగమే. 200 అని ఇస్తే 3 మీటర్లు దాటిందని అరుస్తుంది, 2.0 అని ఇస్తే కిక్కురుమనదు.

నానక్‌రామ్‌గూడ_మోడల్

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. పందెం మీరే గెలిచారు. ఆల్అదర్‌డేస్ కింద లోడ్లు సున్నా, సెట్‌పాయింట్ 30. యాక్టివిటీ షెడ్యూల్ 1.0 కూడా దొరికింది. కోఆర్డినేట్లు వరల్డ్‌లోనే ఉన్నాయి, ఆరిజిన్లు అన్నీ సున్నాలే కాబట్టి రిలేటివ్ చేశాను. ఎస్‌హెచ్‌జీసీ 0.27 చేశాను.

ఇప్పుడు 262 టన్నులు. అన్‌మెట్ 310 గంటలు, ఈపీఐ 146. అపెండిక్స్ జీ గీత 300 కదా, పది గంటల దూరంలో ఆగిపోయాను. గంటగంటకీ తీసి చూస్తే దాదాపు అన్నీ పొద్దున 8 నుంచి 9 మధ్యే, సోమవారాలు 10 దాకా. ఇంకా రెండు సందేహాలు. ఎండ్ యూజ్ టేబుల్లో ఫ్యాన్ల వాటా లేనట్టే ఉంది. గ్రౌండ్ ఫ్లోరు జోన్లు మేలో కూడా మిగతా ఫ్లోర్ల కంటే చల్లగా ఉన్నాయి. గ్రౌండ్ టెంపరేచర్ ఆబ్జెక్ట్ ఏమీ ఇవ్వలేదు.

సెల్లార్‌గాలి

గ్రౌండ్ నుంచి మొదలెడదాం. సైట్:గ్రౌండ్‌టెంపరేచర్:బిల్డింగ్‌సర్ఫేస్ ఇవ్వకపోతే ఎనర్జీప్లస్ పన్నెండు నెలలూ 18 డిగ్రీలు అనుకుంటుంది. ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతే 26 డిగ్రీలు ఉండే ఊళ్లో అది ఉచిత ఏసీ. 1,200 చ.మీ. స్లాబు, 150 మి.మీ. కాంక్రీటు, లోపలి ఫిల్మ్‌తో యూ వాల్యూ సుమారు 3.9, తేడా 6 డిగ్రీలు. 28 కిలోవాట్లు, అంటే 8 టన్నులు రాత్రింబవళ్లు నేల మింగేస్తోంది.

కానీ మీ కేసులో అసలు తప్పు అది కాదు. కింద రెండు సెల్లార్లున్నాయన్నారు. గ్రౌండ్ ఫ్లోరు స్లాబు నేలని తాకనే తాకదు, దాని కింద ఉన్నది పార్కింగ్ గాలి. దాని బౌండరీ కండిషన్ "గ్రౌండ్" కాకూడదు. సెల్లార్లని ఏసీ లేని జోన్లుగా గీసి, గ్రౌండ్ ఫ్లోరు స్లాబుని పై సెల్లార్ సీలింగుతో సర్ఫేస్‌గా కలపండి. అంత ఓపిక లేకపోతే "అవుట్‌డోర్స్", నోసన్, నోవిండ్ ఇవ్వొచ్చు. అది కాస్త కఠినమైన అంచనా, తప్పు మాత్రం కాదు. సెల్లార్ గీస్తే నేలని తాకేది అడుగు సెల్లార్ ఫ్లోరూ, రిటైనింగ్ గోడలూ. అప్పుడే గ్రౌండ్ టెంపరేచర్ విలువలు కావాలి. ఈపీడబ్ల్యూ తలకట్టులో 0.5, 2, 4 మీటర్ల లోతుకి ఉన్న అంకెల్ని తీసుకొచ్చి ఇక్కడ అతికించకండి. అవి పైన బిల్డింగు లేని నేలవి. ఏసీ ఉన్న స్లాబు కింద నేలైతే గది సగటుకి ఓ 2 డిగ్రీలు తక్కువ ఇవ్వడం వాడుక. ఏసీ లేని సెల్లార్‌కి అది వర్తించదు, అక్కడ ఏడాది సగటు గాలికి దగ్గరగా 26, 27 ఇవ్వండి, లోడు మీద పెద్ద తేడా పడదు. సెల్లార్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ లైట్లూ మర్చిపోవద్దు, ఈపీఐలో అవీ లెక్కే.

ఫ్యాన్లు. ప్రెషర్ రైజ్ గడిలో 4 అని ఉందా? ఏహెచ్‌యూ డేటా షీట్లో 4 అంగుళాల వాటర్ గేజ్ అని ఉంటుంది, సాఫ్ట్‌వేరుకి పాస్కల్స్ కావాలి. ఒక అంగుళం 249 పాస్కల్స్, నాలుగు 996. మీ బిల్డింగుకి గాలి సుమారు 54 ఘ.మీ./సె వస్తుందనుకుంటే, ఎఫిషియెన్సీ 0.6తో 996 పాస్కల్స్‌కి 90 కిలోవాట్లు కావాలి. 4 పాస్కల్స్‌కి 0.36 కిలోవాట్లు చాలు, ఇంట్లో మిక్సీ అంత. మన దగ్గర కొందరు వెండర్లు మి.మీ. వాటర్ కాలమ్‌లో ఇస్తారు, దానికి 9.81తో గుణించాలి. ఫ్యాన్ ఖర్చే కాదు, మోటారు గాలి దారిలో ఉంటే ఆ 90 కిలోవాట్లూ వేడై కాయిలు మీద పడతాయి, 25 టన్నులు. మీ 262లో అదింకా లేదు.

310 గంటల సంగతికి వస్తే, సామర్థ్యం సమస్య కాదది. తెల్లవారి 3కి ఫ్యాన్లు ఆగి, 8 దాకా బిల్డింగు వేడెక్కి, 8కి జనం, సెట్‌పాయింట్, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి మొదలవుతున్నాయి. స్లాబులో చేరిన వేడి మొదటి గంటలో దిగదు, రెండు రోజులు మూసి ఉన్న సోమవారం మరీనూ. ఫ్యాన్ అవైలబిలిటీని, 24 డిగ్రీల సెట్‌పాయింట్‌ని 7 గంటలకే మొదలెట్టండి, సోమవారం 6కి. బయటి గాలి కనిష్ఠ షెడ్యూల్ని మాత్రం 8 దాకా సున్నాలో పెట్టండి, మనుషులు లేనప్పుడు వేడి గాలిని లోపలికి లాగి చల్లార్చడం దండగ. ఇది కాగితం మీద గంటలు తగ్గించే ఉపాయం కాదు, కట్టాక బీఎంఎస్ (బిల్డింగు కంట్రోల్ సిస్టమ్) కూడా అలాగే నడుస్తుంది. స్టాండర్డ్ డిజైన్ మోడల్లోనూ ఇదే షెడ్యూల్ ఉండాలి, ఒక్కదాంట్లో మారిస్తే పోలిక చెల్లదు.

ఫెసిలిటీ (మొత్తం బిల్డింగు) అన్‌మెట్ అంకెని చూసి బెంబేలు పడొద్దు. ఏ ఒక్క జోన్‌లో సెట్‌పాయింట్ తప్పినా ఆ సమయం మొత్తం బిల్డింగు ఖాతాలో పడుతుంది. సిస్టమ్ సమ్మరీలో జోన్‌వారీ టేబుల్ చూసి పెద్ద అంకె ఉన్నదాన్నే పట్టుకోండి.

రాత్రి షిఫ్ట్ షెడ్యూల్ ఎలా రాశారో కూడా చూడండి. "వీక్‌డేస్, అంటిల్ 3:00, 0.35" అని ఉంటే రెండు చోట్ల తప్పుతుంది. సోమవారం తెల్లవారుజామున 0 నుంచి 3 దాకా జనం ఉన్నట్టు చూపిస్తుంది, ఆదివారం రాత్రి షిఫ్ట్ లేనే లేదు కదా. శుక్రవారం రాత్రి వచ్చినవాళ్లు శనివారం 3 దాకా ఉంటారు, మోడల్లో మాత్రం అర్ధరాత్రే గాయబ్. సోమవారానికి ఒక బ్లాకు, మంగళ నుంచి శుక్ర దాకా సమ్మర్‌డిజైన్‌డేతో కలిపి ఒక బ్లాకు, శనివారానికి ఒక బ్లాకు వేరు చేయండి. ఫ్యాన్ షెడ్యూలూ దాని వెంటే నడవాలి. రన్‌పీరియడ్‌లో సంవత్సరం 2025 ఇస్తే జనవరి 1 బుధవారంగా మొదలవుతుంది. ఖాళీగా వదిలి వారం మీరే ఇచ్చుంటే, రెండు మోడళ్లలోనూ ఒకటే ఉందా అని ఓసారి చూసుకోండి.

నానక్‌రామ్‌గూడ_మోడల్

4 పాస్కల్సే! 996 చేశాను. సెల్లార్లు రెండూ గీసి కలిపాను, షెడ్యూల్ మూడు బ్లాకులయ్యింది. ఇప్పుడు 296 టన్నులు, అన్‌మెట్ 38 గంటలు, ఈపీఐ 161. ఈపీఐ పెరిగినా మనసుకి నెమ్మదిగా ఉంది.

చివరిది ఒక్కటి. ఏహెచ్‌యూలకి మోడల్ చెప్పే గాలి, అదే లోడుకి కన్సల్టెంటు షీట్ చెప్పే గాలికంటే ప్రతి ఫ్లోరులో 6, 7 శాతం ఎక్కువ వస్తోంది. సప్లయి గాలి 13 డిగ్రీలు, గది 24, రెండు చోట్లా ఒకటే.

టన్నులలెక్క

ఎత్తు. బేగంపేట సముద్రమట్టానికి 545 మీటర్ల పైన ఉంది, ఈపీడబ్ల్యూ తలకట్టులో ఆ అంకె ఉంటుంది. అక్కడ ప్రామాణిక పీడనం 94,950 పాస్కల్స్ దగ్గర, 20 డిగ్రీల గాలి సాంద్రత 1.13. షీట్‌లో 1.2 పెట్టి ఉంటారు, అంగుళాల పద్ధతిలో అయితే ఆ 1.08 అన్న గుణకం. రెండూ సముద్రమట్టానివే. పలచటి గాలితో అదే వేడి మోయాలంటే ఘనపరిమాణం 1.067 రెట్లు కావాలి, మీకు కనబడే తేడా అదే. మోడల్‌ని కదపకండి. షీట్‌లో 1.08 బదులు 1.01 పెట్టమని కన్సల్టెంటుకి చెప్పండి, ఫ్యాన్ సెలెక్షన్ కూడా ఆ సాంద్రత మీదే తీయించండి.